క్లాసు అయ్యాక చెప్పుకునే ఆరోగ్య సలహాలు ఆపేయాలా?

తెల్లవారుజాము:
అందరికీ నమస్తే. ఒక విషయంలో మీ అభిప్రాయాలు కావాలి. గట్టిగానే చెప్పండి, ఏమీ అనుకోను.

మేము పొద్దున్నే ముప్పై మందిమి కలిసి యోగా చేస్తాం. గురువు గారు వారానికి రెండు రోజులే వస్తారు, మిగతా రోజులు నేను చేయిస్తాను. వాట్సాప్ గ్రూపు కూడా నేనే చూసుకుంటాను. శవాసనం అయ్యాక చాపలు చుట్టుకుంటూ ఒక పది నిమిషాలు మాట్లాడుకుంటాం. ఎవరికి ఏ నొప్పి, ఎవరు ఏం వాడారు, ఎవరికి తగ్గింది. మధ్యాహ్నానికి అవే మాటలు గ్రూపులో ఉంటాయి. రాత్రికి చుట్టాలకీ స్నేహితులకీ వెళ్ళిపోతాయి.

మాలో ఒకావిడ బీపీ మాత్ర మానేశారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరు మానమన్నారు అంటే "అందరూ అంటున్నారు కదా" అన్నారు. ఆ అందరూ ఎవరా అని గ్రూపులో వెనక్కి వెళ్ళి చూశాను. మాత్ర మానేయమని ఒక్కరూ రాయలేదు. ఒకరు "ప్రాణాయామం మొదలుపెట్టాక నా బీపీ బాగా దిగింది" అన్నారు. ఇంకొకరు "మా బావగారికి మాత్రల అవసరమే లేకుండా పోయింది" అన్నారు. ఈవిడ ఆ రెండూ కలిపి తనకు తాను ఒక సలహా తయారు చేసుకున్నారు. ఎవరినీ తప్పు పట్టలేని పరిస్థితి. అదే నాకు భయం వేసింది.

అందుకని క్లాసులోనూ గ్రూపులోనూ ఆరోగ్య సలహాలు పూర్తిగా ఆపేద్దామని నియమం పెట్టాను. సగం మంది మంచిదన్నారు, సగం మంది అలిగారు. నేను చేసింది సరైనదేనా?

చాపమీద:
నూటికి నూరు పాళ్ళు సరైనదే. ఆసనం వేశామా, ఇంటికి వెళ్ళామా, అంతే.

నిత్యసాధన:
నేను ఒప్పుకోను. మీ మీద గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను.

నాకు పదకొండేళ్ళుగా థైరాయిడ్. మొదటి ఆరేళ్ళు ఒంటరిగా మోశాను. బరువు పెరిగితే ఎక్కువ తింటున్నావన్నారు, నీరసంగా ఉందంటే సోమరితనమన్నారు. క్లాసులో చేరిన రెండో వారంలో పక్క చాప మీద ఆవిడ నా మొహం చూసి "మీకు థైరాయిడ్ ఉందా?" అని అడిగారు. అంతవరకు నన్ను ఆ మాట అడిగిన మనిషి లేరు. ఆవిడకీ ఉందట. మాత్ర పరగడుపున వేసుకోవాలని, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదని, రెంటికీ మధ్య నాలుగు గంటలు ఉండాలని ఆవిడే చెప్పారు. నేను అన్నేళ్ళూ రెండూ కలిపి మింగాను!

భుజాల మీద ఆని కాళ్ళు పైకెత్తే సర్వాంగాసనం చేయమన్నదీ ఆవిడే. ఏడాది చేశాను. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ చాలనప్పుడు పెరిగే హార్మోన్, పూర్తిగా దిగింది, డాక్టరు గారే మాత్ర డోసు 75 నుంచి 50 మైక్రోగ్రాములకు తగ్గించారు. ఇది నా కాగితాల్లో ఉంది, ఎవరో చెప్పిన కథ కాదు. మీ నియమం అప్పుడే ఉండి ఉంటే నాకు ఇవేవీ తెలిసేవి కావు.

ఫార్మసిస్టుని:
నిత్యసాధన గారూ, క్యాల్షియం గురించి మీ స్నేహితురాలు చెప్పింది పూర్తిగా నిజం. ఐరన్ మాత్రలకూ అదే నాలుగు గంటల నియమం. ఆవిడకు దండం పెట్టాలి.

కానీ ఒక్క ప్రశ్న. డోసు తగ్గించిన సమయంలో మీరు జుట్టు కోసమో గోళ్ళ కోసమో ఏవైనా మాత్రలు వాడుతున్నారా?

కొత్తగాచేరాను:
నేను చేరి మూడు నెలలే. నిజం చెప్పాలంటే ఆసనాల కంటే ఆ పది నిమిషాల కోసమే వస్తున్నాను. అది తీసేస్తే నాలాంటి వాళ్ళు మానేస్తారేమో.

లెక్కలమనిషి:
మనుషుల మధ్య సంబంధాల్లో సమాచారం ఎలా ప్రయాణిస్తుందన్నది నా చదువు. అందుకని ఈ చర్చలో ఆగలేకపోతున్నాను.

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశారు. మనకు కొత్త కబురు తెచ్చేది ఎక్కువగా దగ్గరి స్నేహితులు కాదు, ముఖపరిచయం ఉన్నవాళ్ళు అని అందులో వాదించారు. దగ్గరి వాళ్ళకు తెలిసింది మనకూ ఎలాగూ తెలిసే ఉంటుంది. ముఖపరిచయం ఉన్నవాళ్ళు వేరే లోకంలో తిరుగుతారు, అక్కడి మాట మన దగ్గరికి తెస్తారు.

అయితే కబురు అందడం వేరు, దాన్ని పాటించడం వేరు. డేమన్ సెంటోలా 2010లో ఆన్‌లైన్‌లో 1,528 మందితో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యానికి సంబంధించిన ఒక కొత్త అలవాటు ఎవరెవరు అందుకుంటారా అని చూశారు. ఒకరికొకరు అల్లుకుపోయిన గుంపుల్లో దాదాపు 54 శాతం మంది అందుకున్నారు. సంబంధాలు చెల్లాచెదురుగా ఉన్నచోట 38 శాతం మందే. కారణం ఏమిటంటే, అల్లుకుపోయిన చోట అదే మాట ఇద్దరు ముగ్గురి నుంచి చెవిన పడుతుంది. ఒకరు చెబితే విని ఊరుకుంటాం, ముగ్గురు చెబితే చేసి చూస్తాం.

యోగా క్లాసులో ఈ రెండూ ఉన్నాయి. రకరకాల ఉద్యోగాల వాళ్ళు, వయసుల వాళ్ళు వస్తారు కాబట్టి కొత్త మాట వస్తుంది. రోజూ అదే ముప్పై మంది కలుస్తారు కాబట్టి అది నాటుకుంటుంది. ఇలాంటి చోట మాట పాకినంత వేగంగా ఇంకెక్కడా పాకదు.

ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. ఆ ముగ్గురూ ఒకే మనిషి దగ్గర విని ఉండొచ్చు. వినేవాళ్ళకు ముగ్గురు సాక్షులు కనిపిస్తారు, నిజానికి ఉన్నది ఒక్క సాక్షి. తెల్లవారుజాము గారు చెప్పిన బీపీ ఆవిడకు "అందరూ" కనిపించింది ఇలాగే.

నిత్యసాధన:
ఒక్క సాక్షి అయితే మాత్రం? ఆ ఒక్కరూ నిజం చెబితే చాలదా?

ఫార్మసిస్టుని:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. జుట్టు కోసం ఏవైనా మాత్రలు?

చాపమీద:
అన్నా, చర్చ ఎక్కడుంది, మీ ప్రశ్న ఎక్కడుంది?

గాలిపీల్చు:
జలనేతి గురించి, అంటే ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కోవడం గురించి, ఒకటి చెప్పాలి. మా క్లాసులో అది ఒకరి నుంచి ఒకరికి పాకింది. నాకు నేర్పినావిడ ఉప్పు కొలత చెప్పారు, తల ఎటు వంచాలో చెప్పారు, నీళ్ళ సంగతి చెప్పలేదు. నేను కొళాయి నీళ్ళే వాడాను. తర్వాత చదివి వణికిపోయాను. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కొళాయి నీళ్ళతో జలనేతి చేసిన ఇద్దరు మెదడుకు సోకిన అమీబా వల్ల చనిపోయారు. ఆ అమీబా ఉన్న నీళ్ళు తాగితే జబ్బు రాదు, ముక్కు లోపలికి వెళితేనే ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్ళు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ వాడాలి. ఇలా జరగడం చాలా అరుదే, కానీ నీళ్ళు కాచడం ఎంత పని? ఆ ఒక్క వాక్యం దారిలో ఎక్కడో రాలిపోయింది.

నాకు నేర్పినావిడను అడిగితే, ఆవిడకూ ఎవరూ చెప్పలేదట.

తెల్లవారుజాము:
గాలిపీల్చు గారూ, నా భయం కూడా ఇదే. పద్ధతి అందుతోంది, దాని షరతు అందడం లేదు. "ఇది చేయండి" అన్నది నోటికి తేలిగ్గా వస్తుంది. "ఫలానా జబ్బు ఉంటే వద్దు, ఇన్ని రోజులకు మించి వద్దు, మీ మందుతో కలపొద్దు" అన్నది ఎవరికి గుర్తుంటుంది?

నిత్యసాధన:
మరి మంచి షరతులు కూడా ఈ దారినే వచ్చాయి కదా! మా క్లాసులో ఒక పెద్దాయనకు గ్లాకోమా అనే కంటి జబ్బు. శీర్షాసనం వేయబోతుంటే వెనక చాపలో ఉన్న అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఆ ఆసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుందని వాడికి తెలుసు. పెద్దాయనకు తెలియదు, చేయిస్తున్న టీచరుకు ఆయనకు గ్లాకోమా ఉందనే తెలియదు. వాడికెలా తెలిసింది? చాపలు చుట్టేటప్పుడు ఆయన కంటి చుక్కల మందు గురించి మాట్లాడితే విన్నాడు. మాటలు ఆపేస్తే అది కూడా ఆగిపోతుంది. ఇది ఎవరూ ఎందుకు ఆలోచించరు?

లెక్కలమనిషి:
ఇది చాలా బలమైన మాట. నేను దీని గురించి ఆలోచించలేదు.

ఫార్మసిస్టుని:
మంచి ఉదాహరణే. అయితే ఆ అబ్బాయి చేసింది హెచ్చరిక. హెచ్చరిక తప్పయితే ఒక ఆసనం పోతుంది, అంతే. "ఇది వాడండి, తగ్గుతుంది" అన్నది తప్పయితే మనిషే పోవచ్చు. రెండూ ఒకటి కావు.

మూడోసారి అడుగుతున్నాను. బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా?

నిత్యసాధన:
అవును వాడుతున్నాను! థైరాయిడ్ వల్ల జుట్టు రాలిపోతుంటే క్లాసులో ఇంకో స్నేహితురాలు చెప్పింది. ఏడాదిన్నరగా వాడుతున్నాను. జుట్టు మాత్ర గురించి మీకెందుకండీ అంత పట్టుదల? ఇక్కడ మనుషులు ఒకరికొకరు తోడుగా ఉండడం గురించి మాట్లాడుతుంటే మీరు నా పర్సు వెతుకుతున్నారు.

ఫార్మసిస్టుని:
ఎందుకో చెబుతాను. దయచేసి పూర్తిగా చదవండి.

పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో తరచుగా 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. అది ఒంటికి విషం కాదు. కానీ థైరాయిడ్ రక్తపరీక్షల్లో కొన్ని పద్ధతులు బయోటిన్‌ను పట్టుకునే రసాయనం మీద ఆధారపడి పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే ఆ పరీక్ష తప్పు దారి పడుతుంది. టీఎస్‌హెచ్ నిజంగా ఉన్నదానికంటే తక్కువగానూ, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగానూ కనిపించవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది, 2019లో మళ్ళీ ఇచ్చింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి.

మీ టీఎస్‌హెచ్ దిగింది సర్వాంగాసనం వల్లే కావచ్చు, కాకపోవచ్చు. అసలు దిగకుండానే దిగినట్టు కనిపించి ఉండొచ్చు. ఆ కాగితం చూసి డాక్టరు గారు డోసు తగ్గించి ఉంటే, మీకు అందాల్సినంత మందు అందడం లేదు. మీరు ఇప్పుడు బాగానే ఉన్నారా? చలి, నీరసం, మలబద్ధకం ఏమైనా ఉన్నాయా?

కొత్తగాచేరాను:
అయ్యో, నేనూ బయోటిన్ వాడుతున్నాను. వచ్చే వారం పరీక్ష ఉంది.

ఫార్మసిస్టుని:
పరీక్షకు ముందు ఆపండి, డాక్టరుకూ ల్యాబులోనూ చెప్పండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపొద్దు.

లెక్కలమనిషి:
ఇందులో ఉన్న విషయం నన్ను వదలడం లేదు. ఒకే క్లాసులో రెండు సలహాలు తిరిగాయి. ఒకటి సర్వాంగాసనం, ఇంకొకటి బయోటిన్. రెండోది మొదటిదానికి దొంగ సాక్ష్యం తయారు చేసి ఉండొచ్చు. ఆ కాగితం చూపించి మొదటి సలహా ఇంకా ఎంతమందికి చేరిందో.

నిత్యసాధన:
అంటే నేను అబద్ధం చెప్పానంటారా? నా స్నేహితురాళ్ళు ఇద్దరూ నన్ను మోసం చేశారంటారా? నీరసం లేదని ఎవరన్నారు, ఈ వయసులో ఎవరికి ఉండదు? మీలాంటి వాళ్ళకు కాగితం ముఖ్యం. నేను ఏడ్చిన రోజుల్లో నా పక్కన కూర్చున్నది ఆ కాగితం కాదు, ఆ ఇద్దరే.

యోగా వల్ల ఏమీ రాదని తేల్చడానికే వచ్చారు మీరు. నడుము నొప్పికి యోగాను 2017లో అక్కడి వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్సే తమ మార్గదర్శకాల్లో చేర్చింది. అది చెప్పరేం?

ఫార్మసిస్టుని:
చేర్చింది. నేనే నడుము నొప్పి వాళ్ళకు యోగా చేయమని చెబుతుంటాను. మీరు అబద్ధం చెప్పారని అనలేదు. నమ్మి చెప్పారు. నన్ను భయపెట్టేదే అది.

మా అన్నయ్య సంగతి చెబుతాను. వాడికి ఉబ్బసం. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉండేది. క్లాసులో ప్రాణాయామం మొదలుపెట్టాడు, బాగా కుదిరింది. శ్వాస వ్యాయామాలు ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊరటనిస్తాయి, మందుకు తోడుగా చేస్తే నేను కాదనను. అక్కడ ఎవరో "నేను ఇన్‌హేలర్ వదిలేసి రెండు వారాలైంది, హాయిగా ఉన్నాను" అన్నారు. వీడూ వదిలేశాడు. వీడికీ రెండు వారాలు హాయిగానే ఉంది.

ఎందుకుండదు? ఆ మందు ఊపిరి గొట్టాల్లో వాపును అణిచి ఉంచుతుంది. ఆపిన రోజే వాపు తిరిగి రాదు, మెల్లగా వస్తుంది. థైరాయిడ్ మాత్ర కూడా అంతే, అందులోని మందు లెవోథైరాక్సిన్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది. అందుకే డోసు మార్చాక పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. బీపీ అయితే పెరిగినా చాలామందికి తెలియదు. మందు మానిన మనిషి మొదటి పది రోజులూ బాగుంటాడు. ఆ పది రోజుల్లోనే సంతోషంగా అందరికీ చెబుతాడు. మాట నలభై మందికి చేరాక నష్టం బయటపడుతుంది. అప్పటికి ఆ నలభై మందిలో కొందరు మానేసి ఉంటారు.

మా వాడు ఆరో వారంలో ఐసీయూలో చేరాడు. నాలుగు రోజులు ఉన్నాడు.

చాపమీద:
ఇప్పుడెలా ఉన్నారు అన్నా?

ఫార్మసిస్టుని:
బాగున్నాడు. ఇన్‌హేలర్ వాడుతున్నాడు.

నిత్యసాధన:
దేవుడి దయ. మనసారా అంటున్నాను.

కానీ ఒకటి అడగనా? కోపం తెచ్చుకోకండి. తమ్ముడు ఫార్మసిస్టు. ఇంట్లో మందులు తెలిసిన మనిషి ఉండగా అన్నయ్య ఇన్‌హేలర్ మానేసిన సంగతి మీకెందుకు చెప్పలేదు?

ఫార్మసిస్టుని:
అది మా ఇంటి విషయం.

నిత్యసాధన:
ఇప్పటిదాకా నా మాత్రలు, నా రక్తం, నా నీరసం అన్నీ అందరి ముందు పెట్టించారు. అవి మా ఇంటి విషయాలు కావా?

తెల్లవారుజాము:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. దయచేసి.

ఫార్మసిస్టుని:
లేదు, ఆవిడ అడిగింది న్యాయమే.

నాకు చెబితే తిడతానని చెప్పలేదు. అంతకుముందు ఒకసారి క్లాసులో విన్న సలహా ఏదో చెప్పబోతే నేను మధ్యలోనే ఆపేశాను. "నీ యోగా వాళ్ళ మాటలు నా దగ్గర చెప్పకు" అన్నాను. వాడు ఆ తర్వాత చెప్పలేదు. అది నేను చేసిన తప్పు.

నిత్యసాధన:
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. మీరు పెట్టిన నియమమూ, తెల్లవారుజాము గారు పెట్టిన నియమమూ ఒకటే. చెప్పొద్దంటే జనం చేయడం మానరు, చెప్పడం మానేస్తారు. ఇన్‌హేలర్ వదిలేశానన్న మనిషి ఆ మాట నలుగురిలో అన్నాడు. నలుగురిలో ఒక్కరు "అలా ఆపొద్దు" అని ఉంటే సరిపోయేది. గ్రూపులో మూసేస్తే ఆ మాట ఫోన్లలో నడుస్తుంది. అక్కడ కాదనే నాలుగో మనిషి ఉండరు.

ఫార్మసిస్టుని:
ఆ నలుగురిలో కాదన్నవాళ్ళు ఎవరూ లేరు కదండీ. ముప్పై మంది ఉన్న క్లాసులో ఒక్కరూ అనలేదు. అందరి ముందే మాట్లాడుకున్నారు, అయినా ఎవరూ ఆపలేదు. చోటు ఉంటే చాలదు, కాదనే ధైర్యం కూడా ఉండాలి. మీ క్లాసులో "నాకు సర్వాంగాసనంతో ఏమీ తగ్గలేదు" అని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? ఒక్కరు?

నిత్యసాధన:
తగ్గని వాళ్ళు లేరేమో.

చదివేవాణ్ణి:
ఇక్కడ నాలుగేళ్ళుగా చదువుతున్నాను. ఇదే నా మొదటి పోస్టు.

తగ్గని వాళ్ళు ఉంటారండీ. మేము మానేస్తాం.

నాకు మైగ్రేన్. క్లాసులో చెప్పినవన్నీ చేశాను. శీతలి, భ్రామరి ప్రాణాయామాలు, ఎవరో చెప్పిన నూనె, ఇంకెవరో చెప్పిన ఉపవాసం. మొదటి నెల తగ్గినట్టే అనిపించింది. మైగ్రేన్ మామూలుగానే కొన్నాళ్ళు ఎక్కువగా, కొన్నాళ్ళు తక్కువగా వస్తుంది, అది నాకు తర్వాత అర్థమైంది. ఆ నెలలో మాత్రం గ్రూపులో అందరికీ కృతజ్ఞతలు రాశాను. చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి. ఇద్దరు నా మెసేజ్‌ను వాళ్ళ చుట్టాలకు పంపామన్నారు.

మూడో నెలలో మళ్ళీ మొదలైంది, ముందుకంటే ఎక్కువగా. చెబితే "క్రమం తప్పి ఉంటారు", "నమ్మకంతో చేయాలి" అన్నారు. ఎవరూ చెడ్డగా అనలేదు, ప్రేమగానే అన్నారు. కానీ రోజూ ఒకే జవాబు వింటే తప్పు నాదే అనిపిస్తుంది. చప్పట్లు కొట్టిన వాళ్ళ ముందు మళ్ళీ నొప్పి అని ఎలా చెప్పను? మెల్లగా మానేశాను. ఆసనాలంటే నాకు ఇష్టం, ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే చేసుకుంటాను.

నేను రాసిన ఆ మెసేజ్ ఇప్పటికీ తిరుగుతూ ఉండొచ్చు. తగ్గలేదన్న మెసేజ్ నేను రాయలేదు.

లెక్కలమనిషి:
మీరు ఒక్క పోస్టులో చెప్పింది నేను రెండు రోజులుగా చెప్పలేకపోయాను. క్లాసులో మిగిలేది తగ్గిన వాళ్ళే అయితే, కొత్తగా వచ్చిన వాళ్ళకు అక్కడ అందరికీ తగ్గినట్టే కనిపిస్తుంది.

కొత్తగాచేరాను:
మీరు మళ్ళీ ఏదైనా క్లాసుకు వెళ్ళండి. ఒక్కరే చేయకండి.

తెల్లవారుజాము:
చదివేవాణ్ణి గారూ, మీరు మా క్లాసు కాదని అనుకుంటున్నాను. కానీ మా దగ్గర కూడా రెండేళ్ళలో పదిహేను మంది దాకా మానేశారు. ఎందుకు మానేశారో ఒక్కరినీ అడగలేదు. పనులుండి ఉంటాయి అనుకున్నాను.

ఇంకో విషయం ఒప్పుకోవాలి. నేను ఈ నియమం పెట్టింది బీపీ ఆవిడ కోసం అన్నాను. సగమే నిజం. ఆవిడకు ఏదైనా అయితే ఇంట్లో వాళ్ళు నా దగ్గరికి వస్తారన్న టెన్షన్ కూడా ఉంది. మాటలు ఆపేస్తే నా బాధ్యత తీరిపోతుందనుకున్నాను.

నిత్యసాధన:
ఆ మాట అన్నందుకు మీ మీద గౌరవం పెరిగింది. నియమం తీసేస్తారా?

తెల్లవారుజాము:
పూర్తిగా తీయను. "మందు మానేశాను, తగ్గించాను" అన్న మాట వస్తే అక్కడే ఆపుతాను, డాక్టరుకు చెప్పారా అని అందరి ముందే అడుగుతాను. మిగతావి మాట్లాడుకోనిస్తాను. ఎవరైనా తగ్గిందని చెబితే ఎన్నాళ్ళైంది, ఇంకేం వాడుతున్నారు అని నేనే అడుగుతాను.

ఫార్మసిస్టుని:
నాకు ఇది చాలదు. మీరు లేని రోజు ఎవరు అడుగుతారు? నేనైతే గ్రూపులో ఆపేస్తాను. మాట నోటితో అయితే ముప్పై మంది దగ్గర ఆగుతుంది, ఫార్వర్డ్ అయితే ఆగదు. మన అభిప్రాయాలు ఇక్కడ కలవవు, పర్వాలేదు.

నిత్యసాధన గారూ, పరీక్ష మాత్రం చేయించుకోండి. నా మీద కోపంతో మానకండి.

చాపమీద:
మొదట్లో నూటికి నూరు పాళ్ళు అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. నేనూ క్లాసులో నా మోకాలి గురించి చెప్పిన రోజున ఎవరో పట్టించుకున్నారు, మర్చిపోయాను.

నిత్యసాధన:
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను.

డాక్టరు గారికి బయోటిన్ సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో ఆయన అడగలేదు, నేనూ మందు కాదనుకొని చెప్పలేదు. ఐదు రోజులు ఆపి అదే ల్యాబులో పరీక్ష చేయించుకున్నాను. నాలుగు నెలల క్రితం ఇదే 50 డోసు మీద టీఎస్‌హెచ్ 0.9 ఉంది. ఇప్పుడు 9.4. డోసు మళ్ళీ 75 చేశారు, ఎనిమిది వారాల తర్వాత రమ్మన్నారు. వయసు వల్ల అనుకున్న నీరసం వయసు వల్ల కాకపోవచ్చట.

ఫార్మసిస్టు గారూ, మీరు మూడుసార్లు అడగకపోయి ఉంటే నాకు తెలిసేది కాదు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. సర్వాంగాసనం మాత్రం మానను, అది వేస్తే నా మనసు బాగుంటుంది. దాని వల్ల థైరాయిడ్ తగ్గుతుందని ఇక చెప్పను.

మాటలు ఆపకూడదన్న నా అభిప్రాయం మారలేదు. ఇది తెలిసింది కూడా మాటల్లోనే కదా.

బయోటిన్ చెప్పిన స్నేహితురాలికి ముందు చెప్పాను. ఆమె భయపడిపోయింది, తప్పు నీది కాదన్నాను. నేను సర్వాంగాసనం గురించి, డోసు తగ్గడం గురించి ఎంతమందికి చెప్పానో నిన్న కూర్చుని రాసుకున్నాను. గుర్తున్నంతవరకు పధ్నాలుగు మంది. తొమ్మిది మందికి ఫోన్ చేశాను. ఒకరు తానే డోసు తగ్గించుకున్నారట, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. ఇంకొకావిడ నేను చెప్పింది తన ఆడపడుచుకు చెప్పారట, ఆవిడ వేరే క్లాసుకు వెళ్తారు, అక్కడ ఎవరికి చెప్పారో తెలియదు. ఆవిడ నంబరు అడిగాను, సాయంత్రం పంపుతానన్నారు. ఇంకా రాలేదు, మళ్ళీ అడుగుతాను.